ఫ్రెంచ్‌లో “నియే” అనే వెర్బు మామూలు మాటల్లో ఎలా వాడాలి?

గంటస్తంభం_వీధి (విజయనగరం):

అందరికీ నమస్తే. డెల్ఫ్ బీ1 అనే ఫ్రెంచ్ పరీక్షకి ప్రిపేర్ అవుతున్నాను, ఆన్‌లైన్ క్లాసు ఒకటి, ఒక గ్రామర్ పుస్తకం, మిగతాదంతా యూట్యూబే. నా డౌటు నియే అనే వెర్బు గురించి, స్పెల్లింగు ఎన్, ఐ, ఈ, ఆర్. కాదనడం, లేదనడం, ఒప్పుకోకపోవడం అని అర్థం రాసుంది. రూపాలు కష్టమేం కాదు, జ నీ, త్యు నీ, ఇల్ నీ, ను నియోఁ, వు నియే, ఇల్ నీ, అన్నీ ఫస్ట్ గ్రూపు వెర్బుల్లాగే వెళ్ళిపోతున్నాయి. కానీ పుస్తకంలో ఉదాహరణలు చూస్తే అన్నీ పోలీస్ స్టేషన్ మాటలే, “ల స్యుస్పే నీ లే ఫె” అంటే అనుమానితుడు నేరం ఒప్పుకోవడం లేదు, అన్నీ ఇలాంటివే. ఇంట్లో, ఆఫీసులో, ఫ్రెండ్స్‌తో ఉన్నప్పుడు ఎవరైనా నువ్వే చేసావు అంటే నేను “జ నీ” అనొచ్చా? వినడానికి సహజంగా ఉంటుందా?

ఇంకో రెండు. దీని తర్వాత “క” (మన “అని” లాంటిది) వస్తే సబ్జంక్టివ్, అంటే జరిగిందని గట్టిగా చెప్పనప్పుడు వాడే వెర్బు రూపం, పెట్టాలా వద్దా, ఒక చోట అలా ఉంది ఒక చోట ఇలా ఉంది. పర్మిషన్ ఇవ్వలేదు, వీసా ఇవ్వలేదు అన్నప్పుడు కూడా ఇదే వెర్బు వాడతారా? ఫ్రెంచ్ మాటల్ని తెలుగులోనే రాస్తున్నాను, ముక్కుతో పలకాల్సిన చోట అరసున్న పెట్టాను. ఇక్కడ ఫ్రెంచ్ వచ్చిన మనవాళ్ళు ఉన్నారని తెలిసి అడుగుతున్నా, కొంచెం వివరంగా చెప్పండి.

ఆమదాలవలస_లియోన్:

చెల్లీ, నేను ఫ్రాన్స్‌లో, లియోన్‌లో ఉద్యోగం చేస్తున్నాను, రోజంతా ఈ భాషలోనే గడుస్తాది కాబట్టి విన్నది విన్నట్టు చెప్తాను. ఎవరైనా నిన్ను నువ్వే చేసావంటే “జ నీ” అనకు. గ్రామర్ ప్రకారం అది శుభ్రమైన వాక్యమే, అలా ఎవరూ మాట్లాడరంతే. మన ఊళ్ళో ఎవరైనా “నువ్వే కదేటి తీసావు” అంటే “ఆ ఆరోపణను నేను తిరస్కరిస్తున్నాను” అంటామా, “నానేటి తీసాను, నేను తియ్యనేదు” అంటాం. వీళ్ళూ అంతే. “సె పా మ్వా” అంటారు, నేను కాదు అని. “జే ర్యాఁ ఫె”, నేనేటీ చెయ్యలేదు. “జే జమే ది సా”, నేనెప్పుడూ ఆ మాట అనలేదు. కొంచెం కోపం వస్తే “మే నోఁ, సె పా వ్రె”, అబ్బే కాదు, అబద్ధం అని. రోజూ వినపడేవి ఇవే, ముందు ఇవి నోటికి రావాలి.

మరి నియే ఎక్కడ వస్తాదంటే, ఇంటి నుంచి తెచ్చిన పలాస జీడిపప్పు డబ్బాలో పోసి టేబుల్ మీద పెట్టాను, పక్క ఫ్లాట్‌లో వాళ్ళు వాళ్ళ చిన్నపిల్లాణ్ణి తీసుకుని వచ్చారు, మేం మాటల్లో ఉండగా డబ్బా మూత పక్కన పడుంది, పిల్లాడి ఒక బుగ్గ ఉబ్బి ఉంది, పెదవి చివర పప్పు పలుకు అంటుకునుంది, వాళ్ళమ్మ అడిగితే తల అడ్డంగా ఊపుతూ, నోరు తెరవకుండానే, “సె పా మ్వా” అన్నాడు. ఆవిడ వేలితో ఆ పలుకు తీసి వాడికే చూపించి “సా సెర్ ఆ ర్యాఁ ద నియే” అంది, కాదని లాభం లేదు అని. చూసావా, పిల్లాడి నోట్లో ఆ వెర్బు లేదు, వాళ్ళమ్మ నోట్లో ఉంది. ఒకడు కాదన్నాడని ఇంకొకరు చెప్పాల్సి వచ్చినప్పుడు నియే బయటికొస్తాది. అందుకే నీ పుస్తకంలో అన్నీ పోలీసు వాక్యాలు, పేపరోళ్ళు ఎప్పుడూ ఇంకొకరు అన్నదే కదా రాస్తారు.

రోజూ పనికొచ్చేవి కొన్ని చెప్తాను, బట్టీ పట్టినా ఫరవాలేదు. “ఇల్ నీ తు”, వాడు అన్నీ కాదంటన్నాడు. ఇదే జరిగిపోయిన దానికి “ఇల్ ఆ తు నియే”, ఆ “తు” ఎక్కడుందో చూడు, రెండు ముక్కల మధ్యలోకి వస్తాది, చివర పెడితే వెంటనే పరాయి వాళ్ళని తెలిసిపోతాది. “ఎల్ నీ అవ్వార్ ది సా”, ఆ మాట అనలేదంటాది ఆవిడ. “ఇల్ నీ ఎత్ర్ ఓ కురాఁ”, తనకా సంగతి తెలీదంటన్నాడు. ఈ రెండిట్లోనూ కాదన్నవాడూ పని చేసినవాడూ ఒక్కడే కాబట్టి “క” అక్కర్లేదు, వెర్బు పక్కనే నేరుగా ఇన్ఫినిటివ్, అంటే మార్చని అసలు రూపం, పెట్టీడమే, మధ్యలో “ద” కూడా పెట్టకు. జరిగిపోయిన పని అయితే అవ్వార్ గానీ ఎత్ర్ గానీ ముందు రావాలి.

“అరెత్ ద నియే లెవిదాఁస్” అని ఇంకోటి, కళ్ళ ముందున్న దాన్ని కాదనకు అని. ఇక్కడ ఎవిదాఁస్ అంటే ఇంగ్లీష్‌లో లాగా సాక్ష్యం కాదు, ఎవరికైనా ఇట్టే కనిపించే సంగతి అని. సాక్ష్యానికి ప్రెవ్ అనే వేరే మాట ఉంది.

“జ” తో కూడా వాడే చోటు ఒకటుంది, కాదనను అన్నప్పుడు. మీటింగుల్లో వారానికి పదిసార్లు వినపడతాది, “జ నీ పా క సె దిఫిసిల్, మే...” అంటే కష్టమని కాదనను, కానీ... అని. రాసేటప్పుడు “జ న నీ పా”, మాట్లాడేటప్పుడు ఆ “న” మింగేస్తారు. మన వాళ్ళు “నిజవే, కాదన్ను గానీ” అని మొదలెట్టి తర్వాత అసలు మాట చెప్తారు చూడు, సరిగ్గా ఆ వాడుకే. బీ1 లో నీ అభిప్రాయం రాయమని ఇస్తారు కదా, అక్కడ ఇది పెట్టుకో, ఎదుటి వాదన ఒప్పుకుని తర్వాత నీది చెప్పడానికి చాలా బాగుంటాది.

గంటస్తంభం_వీధి:

అన్నా చాలా చాలా థాంక్స్, ఇది ఏ వీడియోలోనూ ఎవరూ చెప్పలేదు. అయితే నా మీద నిజంగా ఏదైనా తప్పు లెక్క వచ్చింది అనుకోండి, ఒక బిల్లో ఫైనో, అప్పుడు రాతలో కూడా “జ నీ” వద్దా? సె పా మ్వా అని ఉత్తరంలో రాయలేం కదా.

టెక్కలి_అనువాదం:

నేను చెప్తాను, నాది హైదరాబాద్‌లో ఫ్రెంచ్ డాక్యుమెంట్ల పనే, ఉత్తరాలు రోజూ చూస్తాను. బిల్లు, ఫైను, మార్కులు, ఇలాంటి వాటిని ఒప్పుకోను అని నీ తరఫున నువ్వు రాయాలంటే కోఁతెస్తే అనే వెర్బు. “జ కోఁతెస్త్ సెత్ అమాఁద్”, ఈ జరిమానా నేను ఒప్పుకోను, దీని మీద అభ్యంతరం పెడుతున్నాను అని. ఫ్రాన్స్‌లో మామూలు ట్రాఫిక్ జరిమానా నోటీసు వస్తే 45 రోజుల్లోపు ఇలా అభ్యంతరం చెప్పుకోవచ్చు, ఫారాల మీద కూడా ఈ వెర్బే ఉంటుంది. “జ నీ” అని రాస్తే ఏదో ఇంటరాగేషన్‌లో కూర్చున్నట్టు ఉంటుంది.

వీసా, పర్మిషన్ సంగతి అడిగావు, అక్కడ నియే అసలు రాదు. ఇంగ్లీష్‌లో రెండిటికీ డినై అనే ఒకే మాట ఉండడంతో ఇంగ్లీష్ మీడియంలో చదువుకున్న వాళ్ళందరికీ వచ్చే చిక్కు ఇది. అడిగింది ఇవ్వకపోతే రెఫ్యూజే. “ల విజా ఆ ఎతే రెఫ్యూజే”, వీసా ఇవ్వలేదు. “ఓఁ మా రెఫ్యూజే లాఁత్రే”, నన్ను లోపలికి రానివ్వలేదు. ఒక జరిగిన విషయాన్నో ఒక మాటనో కాదంటే నియే, ఒక కోరికని కాదంటే రెఫ్యూజే. తెలుగులో ఆలోచిస్తే అసలు తికమకే లేదు, “నేను తియ్యలేదు” వేరు “నేను ఇవ్వను” వేరు, ఇంగ్లీష్ మీదుగా వెళ్ళకుండా తెలుగు నుంచి నేరుగా ఫ్రెంచ్‌లోకి వెళ్ళమని మా టీమ్‌లో కొత్తగా చేరే పిల్లలకి ఎప్పుడూ చెప్తూ ఉంటాను.

వార్తల్లో ఇంకోటి కనిపిస్తుంది, దేమాఁతీర్. ఎవరో పుట్టించిన పుకారుని, పేపర్లో వచ్చిన కథనాన్ని పదిమందిలో కాదని చెప్పడం, మన పేపర్లలో “ఖండించిన మంత్రి” అని వేస్తారే, అది. “ల మినిస్త్ర్ దేమాఁ”. మాఁతీర్ అంటే అబద్ధమాడడం, దానికి ముందు దే చేరింది, రూపాలు కూడా మాఁతీర్ లాగే నడుస్తాయి, జ దేమాఁ, ను దేమాఁతోఁ. దేమాఁతీ అని నామవాచకం కూడా ఉంది, ఆఫీసు వాళ్ళు ఇచ్చే ఖండన ప్రకటన. ఇంట్లో పిల్లాడు జీడిపప్పు తిన్నాడా లేదా అన్నదానికి ఇది రాదు.

రనియే అని రా తో మొదలయ్యేది పూర్తిగా వేరే బరువు ఉన్న మాట. ఒక మనిషినో, నమ్మకాన్నో, పుట్టిన ఇంటినో నాది కాదని వదిలేసుకోవడం. చర్చికి వెళ్ళే వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది, కోడి కూసే లోపల పేతురు ఆ మనిషిని నేను ఎరగనని మూడుసార్లు అన్నాడు కదా, దానికి ఫ్రెంచ్‌లో వాడేది రనియే. “ఇల్ ఆ రనియే సా ఫమీయ్”, కుటుంబాన్నే కాదనుకున్నాడు. నియే, రనియే రెండూ లాటిన్‌లో నెగారే నుంచి వచ్చినవే అయినా ఒకదాని చోట ఒకటి పెడితే అర్థం దారుణంగా మారిపోతుంది.

చివరగా దేని. ఇది వెర్బు కాదు నామవాచకం, ఈ మధ్య మామూలు మాటల్లో చాలా ఎక్కువ. “ఇల్ ఎ దాఁ ల దేని”, నిజం ఎదురుగా ఉన్నా మనసు ఒప్పుకోని స్థితిలో ఉన్నాడు అని. మాది ఉద్దానం పక్కన, కిడ్నీ జబ్బుని చూపించే క్రియాటినిన్ రిపోర్టు చేతిలో పట్టుకుని, కాళ్ళు పొంగి ఉండి కూడా “నాకేటీ నేదు, ఎండకి అలా ఉన్నాది” అనే పెద్దవాళ్ళని చూస్తూనే పెరిగాను. వాళ్ళ గురించి “ఇల్ నీ” అంటే కావాలని బుకాయిస్తున్నట్టు ధ్వనిస్తుంది, అది అన్యాయం. అక్కడ దేని అనాలి, అందులో నింద లేదు, భయం ఉంది. ఈ తేడా పరీక్షలో అడగకపోవచ్చు కానీ మనుషులతో మాట్లాడేటప్పుడు ఇదే ముఖ్యం.

బొబ్బిలి_మాస్టారు:

అమ్మా, సబ్జంక్టివ్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తాను. సూత్రం చిన్నదే. ఇల్ నీ క... అని ఒకడు కాదంటున్నాడంటే ఆ తర్వాతది వాడి దృష్టిలో జరగనిది, అందుకని సబ్జంక్టివ్. “ఇల్ నీ క స స్వా వ్రె”, అది నిజమని వాడు ఒప్పుకోవడం లేదు. ఎల్ నీ క సోఁ ఫ్రేర్ స్వా వన్యు, వాళ్ళ తమ్ముడు వచ్చాడన్నది ఆవిడ ఒప్పుకోవడం లేదు, ఇక్కడ కాదన్నది ఆవిడ, వచ్చింది తమ్ముడు, ఇద్దరు వేరు కాబట్టే క వచ్చింది.

కాదనను, ఎవరూ కాదనరు అని నెగటివ్ చేస్తే రెండూ నడుస్తాయి, అప్పుడు నువ్వు ఏం చెప్పదల్చుకున్నావో దాన్ని బట్టి ఎంచుకోవాలి. మన బొబ్బిలి కథతోనే చెప్తాను, ఎందుకంటే మన జిల్లాలకీ ఫ్రెంచి వాళ్ళకీ ఉన్న సంబంధం ఈ కాలం పిల్లలకి తెలియాలి. 1753 లో నిజాం సలాబత్ జంగ్ నాలుగు సర్కార్లు ఫ్రెంచి వాళ్ళకి రాసిచ్చాడు, అందులో చికాకోల్ సర్కారు ఒకటి, చికాకోల్ అంటే మన శ్రీకాకుళమే. వాళ్ళ సేనాని బుస్సీ, ఫ్రెంచి పలుకుబడిలో బ్యుసీ, విజయనగరం విజయరామరాజు పక్షాన వచ్చి 1757 జనవరి 24 న బొబ్బిలి కోట మీద పడ్డాడు. ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలోకి చొరబడి ఆయన్ని పొడిచాడు, అది అందరికీ తెలిసిందే. మరుసటి ఏడాది, 1758 డిసెంబరులో, చందుర్తి దగ్గర ఇంగ్లీషు వాళ్ళ చేతిలో ఓడడంతో ఇక్కడ ఫ్రెంచి వాళ్ళ పట్టు సడలిపోయింది, యానాం మాత్రం 1954 దాకా వాళ్ళ కిందే ఉంది.

ఇప్పుడు వాక్యం చూడు. “పెర్సొన్ న నీ క బ్యుసీ ఆ అతాకే బొబ్బిలి”, బుస్సీ బొబ్బిలి మీద దాడి చేశాడని ఎవరూ కాదనరు. ఇక్కడ ఆ అని మామూలు ఇండికేటివ్ పెట్టాను, ఇది జరిగిన చరిత్ర అని నేను గట్టిగా నిలబడుతున్నాను కాబట్టి. అదే “క బ్యుసీ ఎ అతాకే” అని సబ్జంక్టివ్ పెట్టినా తప్పు లేదు, రాతలో అదే ఎక్కువ పద్ధతిగా ఉంటుంది. కానీ “ఇల్ నీ క బ్యుసీ స్వా రెస్పోఁసాబ్ల్”, ఆ రక్తపాతానికి బుస్సీ బాధ్యుడని ఆయన ఒప్పుకోడు, ఇది ఒక మనిషి వాదన, ఇక్కడ సబ్జంక్టివే సరైనది. తప్పు రాజులదా బుస్సీదా అని మా ఊళ్ళో ఇప్పటికీ అరుగుల మీద వాదించుకుంటారు, నాకైతే ఫిరంగులు తెచ్చినవాడికి బాధ్యత లేదనడం కుదరదనిపిస్తుంది, అది వేరే విషయం.

నీ పరీక్ష కోసం అయితే నియే క వచ్చినప్పుడల్లా సబ్జంక్టివ్ రాసెయ్యి, ఎవరూ మార్కు తియ్యలేరు.

గంటస్తంభం_వీధి:

మాస్టారూ నమస్కారం, పైడితల్లమ్మ సిరిమాను వెళ్ళే దారిలోనే మా ఇల్లు, కోట రోజూ చూస్తాం, కానీ బుస్సీ వాక్యంతో సబ్జంక్టివ్ నేర్చుకుంటానని అనుకోలేదు. స్పెల్లింగు గురించి ఒక్కటి చెప్పండి, పలకడంలో నియే, నియే, నియే అన్నీ ఒకేలా ఉన్నాయి, దిక్తేలో, అంటే విని రాసేటప్పుడు, ఏది రాయాలో ఎలా పోల్చుకోవాలి? ఇంపర్ఫెక్ట్‌లో (గతంలో జరుగుతూ ఉండేవాటికి వాడే రూపం) రెండు ఐలు వస్తాయని ఎక్కడో చూసాను, అది ముద్రణ తప్పా?

బొబ్బిలి_మాస్టారు:

ముద్రణ తప్పు కాదమ్మా. ధాతువు ఎన్ ఐ, దాని చివర ఐ ఉంది, ను (మేము) కి ఇంపర్ఫెక్ట్ ప్రత్యయం ఐ ఓ ఎన్ ఎస్, అందులోనూ ఐ ఉంది, రెండూ ఉండాల్సిందే, ఒకటి వదిలేస్తే అది వర్తమానం అయిపోతుంది. వు (మీరు) కి కూడా అంతే. సబ్జంక్టివ్‌లో ను, వు రూపాలు కూడా ఇలాగే రెండు ఐలతో ఉంటాయి. భవిష్యత్తులో జ నీరే అంటారు, పలుకులో మధ్య ఈ వినపడదు, రాతలో మాత్రం ఉండాలి, ఎన్ ఐ ఈ ఆర్ ఏ ఐ.

నియే మూడు రకాలకి చెవి పనికిరాదు, ముందున్న మాట చూడాలి. వు ఉంటే చివర ఈ జెడ్. జే, ఇల్ ఆ లాంటివి ఉంటే చివర ఈ మీద గీత. ద, పూర్, లేదా ఇంకో వెర్బు ముందుంటే ఈ ఆర్. అనుమానం వస్తే అక్కడ ఫినీర్ పెట్టి చూడు, వు ఫినిస్సే, జే ఫినీ, ద ఫినీర్, మూడూ వేరువేరుగా పలుకుతాయి కాబట్టి ఏది కావాలో తెలిసిపోతుంది. జ తో ఇంపర్ఫెక్ట్ నియె అని ఉంటుంది, సరిగ్గా అదే స్పెల్లింగుతో వెర్రిబాగులవాడు అనే విశేషణం ఉంది, చదివేటప్పుడు ముందు జ ఉందో లేదో చూసుకో.

టెక్కలి_అనువాదం:

ఒక్క జాగ్రత్త చెప్పడం మర్చిపోకూడదు. ఫ్రెంచ్ పేపర్లు చదివేటప్పుడు నెగాసియొనిస్మ్ అనే మాట తగులుతుంది, అది నియే కుటుంబంలోదే. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు యూదుల్ని సామూహికంగా చంపడం జరగలేదు అని చెప్పే వాదానికి ఆ పేరు, చరిత్రకారుడు ఆఁరీ రూసో 1987 లో పెట్టిన మాట. 1990 లో వచ్చిన గేసో చట్టం ప్రకారం అలా కాదనడం నేరం, చట్టంలో మాత్రం వెర్బు నియే కాదు, పైన చెప్పిన కోఁతెస్తే. అందుకని క్లాసులో డిస్కషన్ అప్పుడు చరిత్ర గురించి “ఇల్ నీ” అని ఎవరి గురించైనా అనేముందు ఆ మాట అక్కడ ఎంత బరువుగా పడుతుందో తెలుసుకుని అనాలి.

గంటస్తంభం_వీధి:

రాసుకున్నాను అందరివీ. ఒక మూడు వాక్యాలు రాసాను, చూడండి. ఒకటి, “మోఁ ఫ్రేర్ నీ అవ్వార్ కాసే మోఁ తెలెఫొన్”, మా తమ్ముడు నా ఫోన్ పగలగొట్టలేదంటున్నాడు. రెండు, “ఓఁ న పె పా నియే క ల ఫ్రాఁసే స్వా దిఫిసిల్”, ఫ్రెంచ్ కష్టమని కాదనలేం. మూడు, “మోఁ పేర్ మా రెఫ్యూజే లా పెర్మిసియోఁ”, నాన్న పర్మిషన్ ఇవ్వలేదు.

ఆమదాలవలస_లియోన్:

మొదటిది అచ్చం ఇక్కడి వాళ్ళు అన్నట్టే ఉంది. రెండోది కూడా సరే, మాట్లాడేటప్పుడు “ఓఁ పె పా నియే క ల ఫ్రాఁసే ఎ దిఫిసిల్” అంటారు, “న” పోతాది, స్వా చోట “ఎ” వస్తాది, మాస్టారు చెప్పింది అదే. మూడోదాంట్లో వెర్బు కరెక్టే, పెర్మిసియోఁ మాత్రం ఇక్కడ ఎక్కువగా సైనికుల సెలవుకి వాడతారు, ఇంట్లో నాన్నకి “మోఁ పేర్ వె పా” చాలు, నాన్న వద్దంటన్నారు అని, పిల్లలందరూ అదే అంటారు. ఎక్కడికి వెళ్ళాలో కూడా చెప్పాలంటే “మోఁ పేర్ వె పా క జై అయ్”, నన్ను వెళ్ళొద్దంటన్నారు. “వె” అన్నది వూల్వార్ (కోరుకోవడం) రూపం, దాని తర్వాత కూడా సబ్జంక్టివే, “జై అయ్” అన్నది ఆలే (వెళ్ళడం) రూపం, అది విడిగా నేర్చుకో, బీ1 మాటల పరీక్షలో బాగా పనికొస్తాది. పరీక్షకి హైదరాబాద్ ఎప్పుడు వెళ్తన్నావో చెప్పు, ఆ ముందు వారం సాయంత్రాలు కాల్‌లో మాట్లాడిస్తాను.